పాత మంప్సిమస్, కొత్త సంప్సిమస్

1545 డిసెంబరు 24. ఇంగ్లండ్ పార్లమెంటు సమావేశాలు ఆ రోజుతో ముగుస్తున్నాయి. అలాంటప్పుడు రాజు తరఫున లార్డ్ ఛాన్సలర్ నాలుగు మాటలు చెప్పి పంపేయడం ఆనవాయితీ. ఈసారి ఎనిమిదో హెన్రీ తానే మాట్లాడాడు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. భారీకాయం, ఎంతకీ మానని కాలిపుండ్లు. మతం పేరుతో తన ప్రజలు ఒకరినొకరు తిట్టుకుంటున్నారనీ, వేదిక ఎక్కిన బోధకులే ఆ మంటలో నెయ్యి పోస్తున్నారనీ నొచ్చుకున్నాడు. వాళ్లలో కొందరు తమ పాత మంప్సిమస్‌ను పట్టుకుని బిగుసుకుపోతున్నారట, మరికొందరు కొత్త సంప్సిమస్‌తో హడావుడి చేస్తున్నారట.

రాజ్యంలోని ప్రభువుల ఎదుట, బిషప్పుల ఎదుట సాక్షాత్తూ రాజు వాడిన ఈ మంప్సిమస్ అనే మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. అది లాటిన్ కాదు, గ్రీకు కాదు, ఇంగ్లిషు అసలే కాదు. ఎవరో ఒక పల్లెటూరి ఫాదిరీ నోట దొర్లిన తప్పు. ఆ తప్పుకు ఇంగ్లిషు నిఘంటువుల్లో ఇప్పటికీ చోటుంది. తప్పని తేటతెల్లంగా చూపించినా తన పాత పద్ధతిని వదలని మొండివాడు మంప్సిమస్. అతను వదలని ఆ తప్పు కూడా మంప్సిమస్సే.

కథ చిన్నది. కథోలిక బలిపూజలో సత్ప్రసాదం స్వీకరించాక గురువు చెప్పుకునే ఒక చిన్న లాటిన్ ప్రార్థన ఉంది. నోటితో తీసుకున్నదాన్ని నిర్మలమైన మనసుతో అందుకునేలా చేయమని దేవుణ్ని వేడుకోవడం దాని సారాంశం. ఆ ప్రార్థన ఇప్పటికీ వాడుకలోనే ఉంది. అందులో 'సంప్సిమస్' అనే క్రియాపదం వస్తుంది. 'తీసుకున్నాం' అని దానర్థం. మనవాళ్లు రోజూ వాడే కన్స్యూమర్, ఉద్యోగార్థులు పంపే రెజ్యూమె ఆ ధాతువు పిల్లలే. కథలోని ఫాదిరీకి లాటిన్ అంతంత మాత్రం. 'స' ఉండాల్సిన చోట 'మ' పెట్టి ఏళ్ల తరబడి మంప్సిమస్, మంప్సిమస్ అంటూ పూజ చేశాడు. వినే జనానికి లాటిన్ అసలే రాదు. ఒకనాడు చదువుకున్నవాడొకడు విని, అయ్యా అది సంప్సిమస్ అని సరిదిద్దబోయాడు. ఇన్నేళ్లుగా అలవాటైన నా పాత మంప్సిమస్‌ను మీ కొత్త సంప్సిమస్ కోసం మార్చుకునేది లేదని ఫాదిరీ తెగేసి చెప్పాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి తెలుగు పల్లెలకే పరిమితం కాదన్నమాట.

ఈ ఫాదిరీని లోకానికి పరిచయం చేసినవాడు డచ్చి పండితుడు ఎరాస్మస్. 1516 ఆగస్టులో కేంబ్రిడ్జిలోని హెన్రీ బులక్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ కథ చెప్పాడు. 1511 నుంచి 1514 దాకా ఆయన కేంబ్రిడ్జి క్వీన్స్ కాలేజీలో ఉండి గ్రీకు చెప్పాడు. అక్కడి బీరు ఆయన ఒంటికి పడలేదు. మంచి వైను పీపా పంపమని లండన్‌లోని మిత్రుడు అమ్మోనియోకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. బులక్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం వైను గొడవ లేదు, ఒళ్లు మండిన పండితుడి కోపం ఉంది.

ఆ కోపానికి కారణం ఒక పుస్తకం. అదే ఏడాది మొదట్లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఫ్రోబెన్ అచ్చుయంత్రం మీద ఎరాస్మస్ కొత్త నిబంధన వెలువడింది. ఒక పక్క గ్రీకు మూలం, దాని పక్కనే ఎరాస్మస్ సొంత లాటిన్ అనువాదం. అప్పటికి వెయ్యేళ్లకు పైగా పశ్చిమ ఐరోపా చదువుతున్నది వుల్గేట్ అనే లాటిన్ బైబిలు. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ మొదలుపెట్టిన పని అది. చేత్తో రాసిన ప్రతులు వందల ఏళ్లు చేతులు మారితే తప్పులు చేరకుండా ఉంటాయా? గ్రీకుతో పోల్చి వాటిని సరిదిద్దడం పుణ్యకార్యమే అనుకున్నాడు ఎరాస్మస్. కేంబ్రిడ్జిలో ఒక కాలేజీ వాళ్లు అలా అనుకోలేదు. ఆ పుస్తకాన్ని గుర్రం మీద గానీ, పడవలో గానీ, బండిలో గానీ, కూలివాడి నెత్తిన గానీ కాలేజీ గడప లోపలికి తేకూడదని తీర్మానం చేశారు. ఆ సంగతి తెలిసి బులక్‌కు రాసిన ఉత్తరంలోనే ఎరాస్మస్ మొండి ఫాదిరీని ముందుకు తెచ్చాడు. ఆయన లెక్కలో ఆ ఫాదిరీ తప్పు వయసు 20 ఏళ్లు.

మరుసటి ఏడాదికల్లా అది 30 ఏళ్లయింది. 1517లో రిచర్డ్ పేస్ అనే ఆంగ్ల దౌత్యవేత్త చదువు వల్ల కలిగే ఫలాల గురించి లాటిన్‌లో ఒక పుస్తకం వేశాడు. దాన్ని అచ్చువేసిందీ ఫ్రోబెనే. రాజకార్యం మీద కాన్‌స్టాన్స్ నగరంలో ఉంటూ తీరిక వేళల్లో రాసిన పుస్తకం అది. అందులో మన ఫాదిరీ అచ్చమైన ఇంగ్లండ్ వాడైపోయాడు, ఆయన మొండితనానికి ఇంకో పదేళ్లు కలిశాయి. కథ ఎరాస్మస్ దగ్గర తీసుకున్నదేనని పేస్ ఆయనకు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. అయినా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి కూర్పు మూలం కింద పేస్ పుస్తకాన్నే చూపించింది.

పేస్ పుస్తకంలో ఇంతకంటే మంచి పిట్టకథ ఇంకొకటి ఉంది. ఒక విందులో పిల్లల చదువుల ప్రస్తావన వచ్చింది. నడుముకు వేటకొమ్ము వేలాడేసుకున్న పెద్దమనిషి ఒకాయన మండిపడ్డాడు. నా కొడుకు చదువుకునేకంటే ఉరేసుకు చావడం మేలు, పెద్దింటి బిడ్డలు కొమ్ము ఊదాలి, వేటాడాలి, డేగను పెంచాలి, చదువులు పల్లెటూరి బైతుల పిల్లలకు వదిలేయాలి అన్నాడు. పేస్ ఊరుకోలేదు. రేపు పరదేశపు రాయబారి వచ్చి రాజుగారి ముందు నిలబడితే తమరి అబ్బాయి కొమ్ము ఊదుతాడు, జవాబు చెప్పడానికి మాత్రం ఆ పల్లెటూరి బైతు కొడుకునే పిలుస్తారు అన్నాడు. కొమ్ము పెద్దమనిషి కూడా మంప్సిమస్ వంశమే. ఆయన పేరు మాత్రం నిఘంటువుకు ఎక్కలేదు.

ఎరాస్మస్‌కు పదకొండు వందల ఏళ్ల ముందే ఇలాంటి రగడ ఒకటి జరిగింది. 403లో ఉత్తరాఫ్రికా బిషప్ అగస్టీన్, బెత్లెహేములో కూర్చుని అనువాదం చేస్తున్న జెరోమ్‌కు ఒక ఫిర్యాదు పంపాడు. ఓయియా పట్టణంలో, అంటే నేటి లిబియా రాజధాని ట్రిపోలీలో, అక్కడి బిషప్ జెరోమ్ కొత్త అనువాదంలోంచి యోనా గ్రంథం చదివించాడు. యోనాకు నీడ ఇవ్వడానికి దేవుడు మొలిపించిన మొక్క పాత అనువాదంలో సొరపాదు. జెరోమ్ దాన్ని ఐవీ తీగ చేశాడు. తరతరాలుగా విన్న సొరపాదు మాయం కావడంతో గుడిలో గోల లేచింది. మంద చెదిరిపోతుందని భయపడి ఆ బిషప్ వెనక్కి తగ్గి, పాత మాటనే మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.

యోనా నెత్తిన నీడ పట్టిన ఆ మొక్క సొరా కాదు, ఐవీ కాదు, ఆముదపు మొక్క అయ్యుంటుందని నేటి పండితుల్లో చాలామంది అభిప్రాయం. తెలుగు బైబిల్లో మాత్రం సొరచెట్టే ఉంది. ఓయియా జనం వింటే సంతోషించేవాళ్లు.

ఈ తగాదాలో అసలు తమాషా చాలామంది కంట పడదు. 403లో జెరోమ్ అనువాదం కొత్త సంప్సిమస్. జనం దాని మీద తిరగబడ్డారు. 1516 నాటికి అదే అనువాదం పాత మంప్సిమస్ అయి కూర్చుంది. దాన్ని ముట్టుకున్నందుకు ఎరాస్మస్ మీద తిరగబడ్డారు. ఎరాస్మస్‌కు జెరోమ్ అంటే వల్లమాలిన అభిమానం. ఆ 1516లోనే జెరోమ్ రచనలన్నీ పరిష్కరించి ప్రచురించే పనిలోనూ ఆయన చేయి ఉంది.

మరి ఎరాస్మస్ చేసిన తప్పుల సంగతేమిటి? స్పెయిన్‌లోని అల్కలాలో కార్డినల్ సిస్నెరోస్ పండితులు గ్రీకు కొత్త నిబంధనను 1514లోనే అచ్చు వేసి, పోపు అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు. ఎరాస్మస్, ఫ్రోబెన్ కలిసి ఆ సందులో పరుగులు తీశారు. ఆ పుస్తకాన్ని సంపాదకత్వం వహించి తెచ్చానని చెప్పేకంటే హడావుడిగా తోసేశానని చెప్పడమే నిజమని ఎరాస్మసే తర్వాత రాసుకున్నాడు. ప్రకటన గ్రంథానికి ఆయన చేతిలో ఉన్నది రాయ్‌క్లిన్ అనే పండితుడి దగ్గర ఎరువు తెచ్చుకున్న ఒకే ఒక్క గ్రీకు ప్రతి. దాని చివరి ఆకు చిరిగిపోయింది. ఆఖరి ఆరు వచనాలు లేవు. ఏం చేయాలి? తాను సరిదిద్దడానికి కూర్చున్న వుల్గేట్‌నే తీసుకుని, ఆ ఆరు వచనాలను లాటిన్‌లోంచి తిరిగి గ్రీకులోకి తర్జుమా చేసి అతికించాడు. గ్రీకు ప్రతుల్లో జీవవృక్షం ఉన్నచోట ఆయన గ్రీకులో జీవగ్రంథం వచ్చి చేరింది. లాటిన్‌లో చెట్టుకూ పుస్తకానికీ ఉన్న పదాలు దగ్గరగా ఉండి, ఎప్పుడో లేఖకుల చేతిలో ఒకటి ఇంకోటి అయింది. ఆ గ్రీకు పాఠం నుంచి 1611 నాటి జేమ్స్ రాజు ఇంగ్లిషు బైబిల్లోకీ జీవగ్రంథమే దిగింది. ఇప్పటికీ లక్షల ఇళ్లలో అలాగే చదువుతున్నారు. తెలుగు బైబిల్లో జీవవృక్షమే ఉంది. సంప్సిమస్ పక్షాన జెండా పట్టినవాడు కూడా పోతూ పోతూ ఒక మంప్సిమస్‌ను వదిలే వెళ్లాడు.

మాట లాటిన్ ఉత్తరాల్లోంచి ఇంగ్లిషులోకి అడుగుపెట్టింది 1530లో. తెచ్చినవాడు విలియం టిండేల్, దేశం విడిచి వెళ్లి, కొత్త నిబంధనను గ్రీకు నుంచి నేరుగా ఇంగ్లిషులోకి తెచ్చిన మనిషి. మతాధికారుల మీద రాసిన ఘాటైన పుస్తకంలో ఈ మాటను తిట్టుగా వాడాడు. అక్కడినుంచి ప్రొటెస్టెంట్ బోధకులకు ఇది ఊతపదమైంది. వేదిక మీద సామెతలతో జనాన్ని కట్టిపడేసే హ్యూ లాటిమర్ కూడా నిజం తెలిసీ కళ్లు మూసుకునే పొరుగువాడి గురించి చెప్పేటప్పుడు పాత మంప్సిమస్‌నే ఎత్తుకున్నాడు.

వాళ్ల ఎగతాళికి ఆధారం లేకపోలేదు. 1551లో గ్లాస్టర్ బిషప్ జాన్ హూపర్ తన పరిధిలోని మూడు వందల పైచిలుకు ఫాదిరీలకు పరీక్ష పెట్టాడు. సగానికి పైగా మంది పది ఆజ్ఞలు చెప్పలేకపోయారు. కొద్దిమందికి పరలోక ప్రార్థన కూడా రాలేదు. ఇలాంటి గురువుల మధ్య ఒక మంప్సిమస్ గురువు ఉండటంలో వింతేముంది? అయితే హూపర్ లెక్క చదివినప్పుడు ఇంకొకటి కూడా తోస్తుంది. ఆ పల్లెల్లో పురుళ్లకూ పెళ్లిళ్లకూ చావులకూ దిక్కు ఆ ఫాదిరీలే. లాటిన్ వ్యాకరణం రాకపోయినా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చిందో ఎరిగినవాళ్లు. ఎరాస్మస్ కథలో ఆ వైపు కనిపించదు. నవ్వించే కథల్లో ఎప్పుడూ ఒకవైపు మాటే వినిపిస్తుంది.

మంప్సిమస్‌ను పెంచి పెద్దచేసిన ముగ్గురూ 1536లో ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి మతిచలించి నలిగిన పేస్ ఆ వేసవిలో పోయాడు. జులైలో బాసెల్‌లో ఎరాస్మస్ కన్నుమూశాడు. అక్టోబరులో బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డ్‌లో టిండేల్‌ను గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. మూడేళ్లు తిరక్కుండా, 1539లో రాజు అనుమతితో పెద్ద ఇంగ్లిషు బైబిలు ఊరూరి గుళ్లకూ చేరింది. అందులో ఎక్కువ భాగం టిండేల్ మాటలే.

ఇప్పుడు మళ్లీ హెన్రీ దగ్గరకు వెళితే ఆయన మాటలోని లోతు తెలుస్తుంది. రోము పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు, మఠాలను మూయించి ఆస్తులు లాక్కున్నాడు. బలిపూజ విషయంలో మాత్రం పాత పద్ధతి వీసమెత్తు మార్చనివ్వలేదు. రెండువైపులా కర్ర తిప్పాడు. 1540 జులై 30న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ఒకేరోజు ఆరుగురిని చంపించాడు. రాబర్ట్ బార్న్స్ సహా ముగ్గురు ప్రొటెస్టెంట్లను మతద్రోహులని కాల్పించాడు. ముగ్గురు కథోలికులను రాజద్రోహులని ఉరితీయించాడు. సంప్సిమస్‌కు మంట, మంప్సిమస్‌కు ఉరితాడు. 1543లో ఇంకో చట్టం వచ్చింది. తాను స్వయంగా గుళ్లలో పెట్టించిన ఇంగ్లిషు బైబిలును కూలీలు, చేతిపనివాళ్లు, కింది తరగతి ఆడవాళ్లు చదవకూడదని నిషేధించింది.

అందుకే 1545 ఉపన్యాసంలో సారా దుకాణాల్లో దేవుని వాక్యం మీద పాటలు కట్టి గొడవపడుతున్నారని ఆయన అంత బాధపడ్డాడు. వింటున్నవాళ్లలో చాలామంది కంటతడి పెట్టారని ఆయన కార్యదర్శి విలియం పెట్రి రాశాడు. రాజు పార్లమెంటులో చేసిన చివరి ప్రసంగం అదే. ప్రేమగా ఉండండి, ఒకరినొకరు తిట్టుకోకండి అని ఆయన హితవు చెప్పిన ఏడు నెలలకే 1546 జులై 16న ఆన్ ఆస్క్యూ అనే పాతికేళ్ల యువతిని అదే స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా కాల్చారు. చిత్రహింసల వల్ల నడవలేని స్థితిలో ఉన్న ఆమెను కుర్చీలో మోసుకెళ్లారు. తర్వాతి జనవరిలో హెన్రీ పోయాడు. ఆయన కూతురు మేరీ ఏలుబడిలో పాత మంప్సిమస్ మళ్లీ సింహాసనం ఎక్కింది. 1555లో హూపర్‌నూ, లాటిమర్‌నూ కాల్చేశారు.

ఆ మంటలు చల్లారాక మాట కూడా చల్లబడింది. 1631లో పీటర్ హేలిన్ సెయింట్ జార్జి చరిత్ర రాస్తూ, హెన్రీ రాజు అనేవాడంటూ దాన్ని గుర్తుచేసుకున్నాడు. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్ల పాటు అరుదైన మాటల జాబితాల్లో, పండితుల వెటకారాల్లో అప్పుడప్పుడు తల ఎత్తుతూ వచ్చింది.

మంప్సిమస్‌కు బంధువర్గం పెద్దది. అర్థం తెలియకుండా విన్న లాటిన్ పూజ ఇంగ్లిషులో ఎన్ని మాటలు వదిలిపోయిందో చూస్తే ముచ్చటేస్తుంది. గబగబా వల్లించే పరలోక ప్రార్థన మొదటి మాట 'పాటెర్' నుంచి వాగుడు అనే అర్థంలో 'పాటర్' పుట్టింది. డాక్టర్లు మందులేని గోళీకి పెట్టిన 'ప్లాసిబో' మృతుల కోసం పాడే ప్రార్థనలో మొదటి మాట. 'సంతోషపెడతాను' అని దానర్థం. చావు ఇళ్లల్లో లాభం చూసుకుని ఆ పాట పాడేవాళ్లను బట్టి అది ముందు ముఖస్తుతికి పేరైంది, ఆ తర్వాతే రోగిని మభ్యపెట్టే మందుకు మారింది. గారడీవాడి 'హోకస్ పోకస్' కూడా బలిపూజలోని లాటిన్ మంత్రం వికటించిన రూపమేనని 1694లో ఆర్చ్‌బిషప్ టిలట్సన్ అన్నాడు. అది ఊహే. కానీ మూడు వందల ఏళ్లుగా ఎవరూ వదలని ఊహ.

ఇక కళ్లు చేసిన తప్పులు. ప్రతి తెలుగు విద్యార్థీ పరీక్షల ముందు తలచుకునే 'సిలబస్' ఒక అచ్చుతప్పు బిడ్డ. రోమన్ రచయిత సిసెరో తన మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాల్లో పుస్తకపు చుట్టలకు అంటించే పేరుచీటీలకు 'సిట్టిబా' అనే మాట ఉంది. పదిహేనో శతాబ్దపు అచ్చుప్రతుల్లో అది చెడి 'సిలబోస్' అయింది. పండితులు దానికి గ్రీకు వంశవృక్షం కూడా కల్పించారు. తుమ్ముకు ఇంగ్లిషు మాట 'స్నీజ్' ఒకప్పుడు ఎఫ్ అక్షరంతో మొదలయ్యేది. పాత రాతలో పొడుగు ఎస్‌కూ ఎఫ్‌కూ తేడా ఒక చిన్న అడ్డగీతే. ఆ గీత ఎగిరిపోవడంతో మొదటి అక్షరం మారిందని నిఘంటుకారుల్లో చాలామంది మాట.

చెవులు చేసిన తప్పులు ఇంకా ముచ్చటైనవి. వంటింటి ఏప్రన్ అసలు 'నాప్రన్'. ముందున్న 'ఎ'కు మొదటి 'న'ను అప్పగించి బోడిదైంది. రక్తపింజరలాంటి పాము 'ఆడర్'దీ అదే గతి. 'నిక్‌నేమ్' మాత్రం ఎదురు బేరం చేసింది. 'ఈక్‌నేమ్', అంటే అదనపు పేరు, పక్కవాడి 'న'ను లాక్కుని తన ముందు తగిలించుకుంది. ఆరెంజ్ కథ మన ఇంటిదాకా వస్తుంది. సంస్కృతంలో నారంగం, పారసీలో నారంగ్, అరబ్బీలో నారంజ్. మూలం ద్రావిడమేనని కొందరు భాషావేత్తలంటారు. ఐరోపా దారిలో ఇటలీ, ఫ్రాన్సు దాటేసరికి దాని 'న' రాలిపోయింది. ఇంగ్లిషుకు మిగిలింది ఆరెంజ్. తెలుగువాళ్ల నారింజలో 'న' చెక్కుచెదరలేదు.

అసలు లేని మాటలు కూడా నిఘంటువులో కాపురం పెట్టాయి. వాటికి 'దెయ్యపు మాటలు' అని 1886లో పేరు పెట్టినవాడు భాషాపండితుడు వాల్టర్ స్కీట్. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మనదేశం మీదుగా పుట్టింది. 1808లో ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో భారతదేశపు మిషనరీల మీద వచ్చిన వ్యాసంలో, హిందువుల్లో కొందరు చేతుల్లోంచి 'కైమ్స్' గుచ్చుకుంటారని అచ్చయింది. కైమ్స్ అంటే ఏ భయంకరమైన ఆయుధమోనని చదువరులు అనుకోవచ్చు. అవి 'నైవ్స్', మామూలు కత్తులు. అచ్చులో అక్షరాలు చెడ్డాయి, అంతే.

ఇంతకంటే గొప్ప దెయ్యం 'డార్డ్'. 1931 జులై 31న అమెరికాలోని వెబ్‌స్టర్ నిఘంటువు కార్యాలయంలో రసాయనశాస్త్ర సంపాదకుడు ఆస్టిన్ ప్యాటర్సన్ ఒక చీటీ పంపాడు. పెద్ద డి గానీ చిన్న డి గానీ సాంద్రతకు సంక్షిప్తరూపం అని దాని భావం. 'డి ఆర్ డి' అని ఇంగ్లిషులో రాసిన మూడు ముక్కలను ఎవరో ఒకే మాటగా చదివారు. 1934 కూర్పులో డార్డ్ అనే నామవాచకం ఉచ్చారణతో సహా అచ్చయింది. దాని అర్థం సాంద్రత అట. 1939 ఫిబ్రవరి 28న ఒక సంపాదకుడు దీనికి పుట్టుపూర్వోత్తరాలేవీ లేవే అని ఆగి చూశాకే బండారం బయటపడింది. ఎనిమిదేళ్ల తర్వాతి ప్రతుల్లో గానీ అది పూర్తిగా పోలేదు. వెబ్‌స్టర్ వాళ్లు మాత్రం మన ఫాదిరీలా మొండికేయలేదు. తప్పు ఒప్పుకుని, కథ కూడా వాళ్లే లోకానికి చెప్పారు.

అంటే తప్పు చేసినందుకు ఎవరూ మంప్సిమస్ కారు. నాప్రన్‌ను ఏప్రన్ చేసిన పల్లెజనానికి అది తప్పని చెప్పినవాడు లేడు. తెలిసీ దిద్దుకోనివాడే మంప్సిమస్. మన ఊళ్లలో ప్రభుత్వ బడి గోడ మీద 'ప్రాథమిక' ఉండాల్సిన చోట 'ప్రాధమిక' కనిపిస్తుంది. 'శత్రువు' ఎన్నో పుస్తకాల్లో 'శతృవు'గానే బతుకుతోంది. రంగులు వేసిన ప్రతిసారీ అదే అక్షరాన్ని అలాగే దిద్దించే అధికారి పేస్ పుస్తకంలో ఉండాల్సిన మనిషి.

అయితే ఇంగ్లిషువాళ్లు పోగొట్టుకున్నది ఒకటుంది, అది చిన్న నష్టం కాదు. హెన్రీ పలికింది జంట మాట. ఒకవైపు మంప్సిమస్, రెండోవైపు సంప్సిమస్. రెండోది కూడా తిట్టే. సరైనదే తెచ్చి, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతూ కనపడ్డవాణ్నల్లా కొట్టేవాడు సంప్సిమస్ వైపు మనిషి. కాలక్రమంలో మొదటిదానికి అభిమానులు మిగిలారు. రెండోది పెద్ద నిఘంటువుల్లో పండుకుంది. దిద్దేవాళ్లే నిఘంటువులు రాస్తారు కాబట్టి తమను వెక్కిరించే మాట మీద వాళ్లకు ప్రేమ ఉండకపోవడం సహజమే!

అవసరం మాత్రం తీరలేదు. ఆక్టోపస్‌కు బహువచనం 'ఆక్టోపై' అని తోటివాణ్ని దిద్దేవాడున్నాడు. అది గ్రీకు మాట, లాటిన్ బహువచనం దానికి అతకదు. దిద్దుబాటే తప్పు. మన దగ్గర 'బాధ'కు ఒత్తు చాలదన్న భయంతో 'భాధ' అని రాసేవాడిదీ ఆ జాతే. షేక్‌స్పియర్ నాటకం 'సింబెలిన్'లో నాయిక పేరు 1623 నాటి సంపుటంలో ఇమొజెన్. 1611లో ఆ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ తన పుస్తకంలో ఇన్నొజెన్ అని రాసుకున్నాడు. ఇమొజెన్ అచ్చుతప్పే కావచ్చని పండితులు అభిప్రాయపడ్డారు. 1986 ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ ఇన్నొజెన్ అనే అచ్చువేసింది. ఈలోగా ఎంతోమంది తల్లిదండ్రులు తమ ఆడపిల్లలకు ఇమొజెన్ అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు. వాళ్ల జనన ధ్రువపత్రాలు మార్పిస్తానని బయల్దేరేవాడికి హెన్రీ ఇచ్చిన పేరే సరిపోతుంది.

హెన్రీ చేతలు క్రూరమైనవే, కానీ ఈ ఒక్క మాటలో ఆయన తూకం సరిగ్గా ఉంది. ఆ జంటను తెలుగులోకి తేవాలంటే కొత్త మాటలు పుట్టించే పని కూడా లేదు. మంప్సిమస్‌కు మూడుకాళ్ల కుందేలు ఉండనే ఉంది. సంప్సిమస్‌కు 'కొత్త బిచ్చగాడు పొద్దెరగడు' చక్కగా సరిపోతుంది. ఇంగ్లిషు–తెలుగు నిఘంటువులు కూర్చేవాళ్లు ఈసారి మంప్సిమస్‌ను ఎక్కించేటప్పుడు దాని జోడీని కూడా పక్కనే ఎక్కిస్తే బాగుంటుంది.